ఊరి చరిత్రకు ఒక ప్రతి ఊళ్లోనే ఉండాలి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారాలు.

సంక్రాంతికీ, ఊరి జాతరకూ చెన్నై నుంచి సొంత ఊళ్లకు వెళ్లే తెలుగువాళ్లు ఈ మధ్య పాత గుడినీ, చెరువుకట్ట మీది చెక్కుడు రాయినీ, తాతగారి ట్రంకుపెట్టెలోని కాగితాలనూ ఫోన్లతో ఫొటోలు తీసుకుని రావడం ఎక్కువైంది. పాతికేళ్ల కిందట ఎవరికీ పట్టని వస్తువుల మీద ఇప్పటి పిల్లలకు ఆసక్తి కలగడం ఎంతో సంతోషం కలిగించే విషయం. అయితే ఆ ఫొటోలు తీసినవారి ఫోన్లలోనే ఉండిపోతున్నాయి. ఫోన్ మారితే పోతున్నాయి. ఎవరి పెట్టెలోంచి ఆ కాగితం బయటికి వచ్చిందో వారికి మాత్రం అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పడం లేదు. ఒక ఊరి నుంచి సేకరించిన చరిత్ర ఏ రూపంలో ఉన్నా, దాని ప్రతి ఒకటి, ఆ ఊరివాళ్లకు వచ్చిన భాషలో, వారు చదువుకోగలిగిన లిపిలో, ఆ ఊళ్లోనే ఉండాలని విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ పనిలో చెన్నై తెలుగువాళ్లకు ఇంకెక్కడి వారికీ లేని వీలు ఒకటి ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే మా ప్రాంతం సంగతి కొంత చెప్పవలసి ఉంటుంది.

మాది సత్యవేడు పరిసరాల్లోని చిన్న పల్లె. నేను పెరంబూరులో స్థిరపడి చాలా ఏళ్లయింది. మా ఊరు ఉన్నచోటి నుంచి కదలలేదు గానీ దాని జిల్లాలు మారుతూ వచ్చాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా వైపు ఊళ్లు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలోనే ఉండిపోయాయి. సరిహద్దు తగవు తీర్చడానికి మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ సిఫారసుల ఆధారంగా 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న అది అమలులోకి వచ్చి, పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి విడదీసిన ఊళ్లు సత్యవేడు తాలూకాగా చిత్తూరు జిల్లాలో చేరాయి. అదే రోజున చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధికభాగం, పళ్లిపట్టు ప్రాంతంతో సహా, మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మేము తిరుపతి జిల్లావాళ్లమయ్యాం. అవతల పళ్లిపట్టు దగ్గరి ఏ ఊరినైనా తీసుకుంటే, 1911 వరకు ఉత్తర ఆర్కాటు, ఆ తర్వాత చిత్తూరు, 1960 నుంచి చెంగల్పట్టు, 1997 నుంచి తిరువళ్లూరు, ఇలా నాలుగు జిల్లాల దస్త్రాల్లో దాని పేరు కనిపిస్తుంది. వీటికి తోడు కార్వేటినగరం జమీందారీ లెక్కలు ఎలాగూ ఉన్నాయి.

జిల్లా మారినా పాత కాగితాలు పాత కచేరీ బీరువాల్లోనే ఉంటాయి. 1960కి ముందు మా ఊరివాళ్లు చెరువు మరమ్మతు గురించో, గుడిమాన్యం గురించో, పంటకాలువ వంతుల మీద పక్క ఊరితో వచ్చిన తగాదా గురించో అర్జీ పెట్టుకుని ఉంటే, దాని జాడ చెంగల్పట్టు జిల్లా దస్త్రాల్లోనూ, ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ వెతకాలి. వాటిలో ఎక్కువభాగం ఇంగ్లీషు, తమిళ భాషల్లో ఉంటుంది. మా ఊరి బడిలో పిల్లలు నేర్చుకునేది తెలుగు. సరిహద్దు దాటి పళ్లిపట్టు వైపు వెళ్తే పరిస్థితి తిరగబడుతుంది. అక్కడి పెద్దల ఇళ్లలో ఉన్నవి తెలుగు క్రయచీటీలు, తెలుగు లెక్కల పుస్తకాలు, తెలుగు తాటాకులు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేశాక అక్కడి తెలుగు ఇళ్లలోని పిల్లలు బడిలో మొదట నేర్చుకునే అక్షరాలు తమిళం. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, తాతగారి చేతిరాత వారు చదవలేరు. మాకు తమిళం చదివి చెప్పేవారు కావాలి, వారికి తెలుగు చదివి చెప్పేవారు కావాలి. రెండు లిపులూ ధారాళంగా చదవగలిగినవారు వీధికి ఇద్దరు ముగ్గురైనా చెన్నైలో ఉంటారు. పాత దస్త్రాలూ ఇక్కడే ఉన్నాయి. నేను చెప్పిన వీలు ఇదే.

ఊళ్ల చరిత్ర మద్రాసు చేరి ఇక్కడే నిలిచిపోవడం కొత్త సంగతి కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాదిన సర్వే పనిమీద తిరుగుతూ, ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వారి కింద పనిచేసిన మరెందరో సహాయకుల ద్వారా ఊరూరి వృత్తాంతాలను రాయించాడు. కరణాల దగ్గరి దండకవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు, చూసి, పెద్దలను అడిగి, గుళ్లలోని శాసనాలకు నకళ్లు తీసి వాళ్లు రాసుకొచ్చినవే కైఫీయతులు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, అడవి కొట్టి ఊరు కట్టినవారెవరు, చెరువు తవ్వించినదెవరు, ఏ దొరతనంలో ఏ పన్ను పడింది, ఏ దండు వచ్చి ఊరిని పాడుచేసింది, ఏ కరువులో జనం వలసపోయారు వంటి వివరాలు వాటిలో ఉంటాయి. 1821లో మెకంజీ కలకత్తాలో ఉండగా మరణించాడు. అక్కడికి చేరిన ఆయన సేకరణలో దక్షిణాది భాషలకు చెందిన భాగం తర్వాత మద్రాసుకు తిరిగి వచ్చింది. పురుగులు తిని శిథిలమవుతున్న తెలుగు కైఫీయతులను సి.పి. బ్రౌన్ పట్టుబట్టి, లేఖకులను పెట్టి మళ్లీ రాయించకపోతే వాటిలో సగం కూడా మనకు దక్కేవి కావు. అవి ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

కావలి సోదరుల శ్రమను తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రోడ్లు లేని రోజుల్లో, యుద్ధాల నడుమ, జ్వరాలకు ఓర్చి వారు ఊళ్లు పట్టుకు తిరిగారు. వారిలో పెద్దవాడైన బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ వృత్తాంతాలు చెప్పిన ఊళ్లకు వాటి నకలు ఒక్కటీ వెళ్లలేదు. కరణం ఇంట్లోని అసలు కవిలె తర్వాతి కాలంలో చెదలకు పోయింది. నకలు మద్రాసులో భద్రంగా ఉంది. ఊరికి రెండూ లేవు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను పరిష్కరించి సంపుటాలుగా అచ్చువేయడం వల్ల ఆ సీమవారు తమ ఊళ్ల గురించి తమ పెద్దలు రెండు వందల ఏళ్ల కిందట ఏం చెప్పారో చదువుకోగలుగుతున్నారు. తెలంగాణలో సాహిత్య అకాడమీ డిగ్రీ విద్యార్థుల చేత ఊళ్ల చరిత్రలు రాయించే పని చేపట్టింది. సరిహద్దు ఊళ్లకు అటువంటి దిక్కు లేదు, ఎందుకంటే రెండు రాష్ట్రాల సంస్థలకూ అవి అంచున ఉన్న ఊళ్లే.

కైఫీయతు దొరకని ఊళ్లు నిరాశపడవలసిన పని లేదు. 1767 నుంచి 1774 వరకు థామస్ బార్నార్డ్ అనే ఇంజనీరు చెంగల్పట్టు జాగీరులోని దాదాపు రెండు వేల ఊళ్లను సర్వే చేయించాడు. ఆ సర్వేకు ఆధారమైన తాటాకు లెక్కల్లో ఇళ్లెన్ని, చెరువులెన్ని, పంటలో ఎవరికి ఎంత భాగం అనే వివరాలు ఉన్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ ఊరూరా విచారణ జరిపి రాయించిన రిజిస్టర్లు మరొక గని. వాటిలో ఒక్కో ఇనాం భూమికి, అంటే శిస్తు మినహాయించో తగ్గించో ఇచ్చిన మాన్యానికి, ఒక్కో వరుస ఉంటుంది. భూమి ఎంత, ఎవరు ఇచ్చారు, ఏ సేవ కోసం ఇచ్చారు, విచారణ నాటికి ఎవరు అనుభవిస్తున్నారు, వారి వయసెంత, మొదట ఇనాం పొందినవారికి వీరు ఏమవుతారు అనే గడులు ఆ వరుసలో కనిపిస్తాయి. గుళ్లో దీపానికి, మేళానికి, ఎండాకాలం బాటసారులకు చలివేంద్రం పెట్టడానికి, చెరువుకట్ట కాపాడటానికి, తలారికి, వెట్టికి, కుమ్మరికి, కమ్మరికి ఇచ్చిన మాన్యాలన్నీ ఆ పుటల్లో వరుసగా ఉంటాయి. రాజుల పేర్లు తప్ప మరేమీ లేని చరిత్ర పుస్తకాలతో విసిగిన పిల్లవాడికి ఈ పుట ఒక్కటి చూపిస్తే చాలు, తన ఊళ్లో కుండలు చేసిన మనిషి పేరు, వయసు సర్కారు పుస్తకంలో ఉన్నాయని తెలుస్తుంది. మా ఊళ్లో రోడ్డు పక్కన ఉన్న ఎత్తైన చేనును ఇప్పటికీ చలివేంద్రం మిట్ట అంటారు. ఎందుకంటారో చెప్పేవారు లేరు. ఇటువంటి పేర్లకు సమాధానం దొరికే చోటు ఆ రిజిస్టరే.

శాసనాల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. 1880ల చివరి నుంచి ప్రభుత్వ శాసన పరిశోధకులు ఊరూరా తిరిగి నకళ్లు తీసి, ఏటేటా నివేదికల్లో ఊరి పేరుతో, సంఖ్యతో నమోదు చేశారు. నెల్లూరు జిల్లా రాతి, రాగి శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా మద్రాసులో అచ్చయ్యాయి. ఆ పుస్తకాలు మన గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఊరి పేరు పట్టుకుని సూచిక చూస్తే చాలు. అయినా ఆ ఊళ్లలో చాలామందికి తమ గుడి గోడ మీది రాత ఎప్పుడో చదివేసినదని తెలియదు. తెలియకపోవడం వల్ల జరిగే నష్టం కళ్లారా చూస్తున్నాం. మా చెరువుకట్ట మీద నడుమెత్తు రాయి ఒకటి ఉంది. విల్లు పట్టిన మనిషి, కాళ్ల దగ్గర ఆవు, పైన మూడు వరుసల రాత. చిత్తూరు సీమలో పశువులను కాపాడబోయి చనిపోయినవారికి నిలబెట్టిన వీరగల్లులు ఎన్నో ఉన్నాయి, ఇదీ అటువంటిదే అయి ఉండాలి. ఊరివాళ్లు దానికి భక్తితోనే పసుపు పూస్తారు, కోడిని కోస్తారు. ఈ మధ్య ఎవరో ఇంకా ఎక్కువ భక్తితో ఎనామిల్ రంగు వేయించారు. రంగు అక్షరాల గాడుల్లోకి దిగి గట్టిపడింది. పైవరుస ఇప్పుడు చేతికి కూడా తగలడం లేదు.

ఇటువంటి రాయిని చదవడానికి ఇనుప చువ్వతో గీకవలసిన అవసరమే లేదు. మెత్తని కుచ్చుతో, నీళ్లతో కడిగి, పొద్దు వాలేవేళ ఏటవాలుగా పడే వెలుతురులో చూస్తే లోతు తక్కువ అక్షరాలు కూడా నీడ పట్టి పైకి కనిపిస్తాయి. అప్పుడు తీసిన ఫొటో మిట్టమధ్యాహ్నం తీసిన పది ఫొటోలకంటే మేలు. నిపుణులైతే తడిపిన కాగితాన్ని రాయికి అంటించి, కుంచెతో తట్టి గాడుల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. అక్షరాలు తెల్లగా, మిగతా భాగం నల్లగా అచ్చు పడుతుంది. ఆ పని చేతనైనవారిని పిలిపించడం ఒక పంచాయతీకి తలకు మించిన ఖర్చు కాదు. చదివిన పాఠాన్ని తెలుగులో ఒక పలక మీద రాయించి, రాయికి కాస్త ఎడంగా నిలబెడితే మరుసటి ఏడాది రంగు డబ్బా తెచ్చేవారికి చేయి ఆగుతుంది. గుళ్ల జీర్ణోద్ధరణ పేరిట రాతి స్తంభాలను యంత్రంతో ఇసుక కొట్టి తెల్లగా చేయడం కూడా ఇలాగే ఆగాలి. ఒకసారి అరిగిపోయిన అక్షరాన్ని ఏ పరిశోధకుడూ తిరిగి తేలేడు.

రాతిలోనూ కాగితంలోనూ లేనిది మా ప్రాంతంలో చాలా ఉంది. ద్రౌపదీ సమేత ధర్మరాజుల స్వామి గుళ్లలో పద్దెనిమిది రోజుల పాటు జరిగే భారతం అందులో ముఖ్యమైనది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కే రోజున సంతానం కోరే ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడతారు. చివరి రోజు మట్టితో చేసిన నిలువెత్తుకు మించిన దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు, దుర్యోధనుడు వేషాలతో తిరిగి పోరాడతారు, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. వీటిని ఇప్పుడు అందరూ వీడియో తీస్తున్నారు. ఎవరూ పట్టించుకోనిది నాటక బృందాల పెద్దల దగ్గరున్న నోటుపుస్తకాలు. ఏ పద్యం ఎవరు పాడాలి, ఎక్కడ మద్దెల ఆగాలి, ఏ ఊళ్లో ఎవరి పేరు చెప్పి మొదలుపెట్టాలి అన్నీ వాటిలో ఉంటాయి. సరిహద్దు బృందాల పుస్తకాల్లో తెలుగు పద్యం పక్కనే తమిళ విరుత్తం కనిపిస్తుంది, కొన్ని చోట్ల తమిళాన్ని తెలుగు లిపిలోనే రాసుకున్నారు. ఆటగాడు కాలం చేస్తే పుస్తకం పాతకాగితాలవాడి తక్కెడలోకి వెళ్తోంది. ఈ పుస్తకాలకు నకళ్లు తీయడం అన్నిటికంటే ముందు జరగాల్సిన పనుల్లో ఒకటని నా అభిప్రాయం.

నీళ్ల సంగతీ అంతే. చెరువు నిండిన ఏడాది తూము ఎప్పుడు తీయాలో, ఏ కాలువకు ఎన్ని జాములో, కొరత వస్తే ఎవరి పొలం ముందు ఆపాలో చెరువు నీళ్లు వంతుల ప్రకారం పంచే నీరుగంటికి నోటికి వచ్చేది. బోర్లు వచ్చాక ఆ లెక్కతో పని లేకుండా పోయింది, నీరుగంటి కొడుకు ఫ్యాక్టరీలో పనికి వెళ్తున్నాడు. 2008 తర్వాత శ్రీసిటీ పారిశ్రామికవాడ రావడంతో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల రూపురేఖలే మారాయి. మా పిల్లలకు ఇంటి దగ్గరే జీతాలు వచ్చాయి, అందుకు మేము సంతోషించాం. అయితే పొలం పోయినచోట దాని పేరూ పోతుంది. సర్వే నంబరు దస్త్రంలో ఉంటుంది గానీ, మద్దిమాను చేను, దొరువు కయ్య, చాకిరేవు మడి వంటి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. గ్రామపటం నకలు ఒకటి నేల మీద పరిచి, డెబ్బయి దాటిన రైతునూ, ఆ పొలాల్లో నాట్లు వేసిన కూలి తల్లినీ పక్కపక్కన కూర్చోబెట్టి పేర్లు చెప్పమంటే ఒక్క పూటలో పటం నిండిపోతుంది. కూలి తల్లిని తప్పకుండా పిలవాలి. ఏ గట్టు మీద ఏ ఆకుకూర మొలిచేదో, ఏ చేలో పాము భయమో, ఏ రైతు కూలి ఎగ్గొట్టేవాడో ఆమెకే తెలుసు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. పాత కాగితాల్లో ఉన్నది ఎక్కువగా కాగితం రాయగలిగినవారి చరిత్ర. దళితవాడ గురించి కరణం లెక్కలో వెట్టి మాన్యం ఎంతో తెలుస్తుంది, వాడలోని మొదటి బడి ఎవరు పెట్టించారో, గుడి ముందు నుంచి చెప్పులతో మొదట నడిచినదెవరో, బావి దగ్గర ఏం జరిగిందో తెలియదు. అవి అడిగి రాసుకోవాలి. అడిగేవారు ఊరి పెద్దమనిషి ఇంటి అరుగు మీద కూర్చుని వారిని అక్కడికి పిలిపిస్తే వారు చెప్పరు. వాడకు వెళ్లాలి. వీలైతే వాడలోని చదువుకున్న పిల్లలే అడిగి రాసుకోవాలి. మా తూర్పు మండలాల్లో మాతమ్మ అనే దేవత పేరిట ఆడపిల్లలను విడిచిపెట్టే ఆచారం ఉండేది. 1988లో చట్టం నిషేధించినా దాని గాయాలు మోస్తున్న స్త్రీలు ఇంకా బతికే ఉన్నారు. ఊరి పరువు పోతుందని దాన్ని చరిత్రలోంచి తీసేయడం అన్యాయం. అలాగని ఒక తల్లి పేరునూ, ముఖాన్నీ ఆమె ఇష్టం లేకుండా లోకమంతటికీ చూపడం అంతకంటే పెద్ద అన్యాయం. ఏది రాయాలో, ఏది పేరు లేకుండా రాయాలో, ఏది తన తర్వాతే బయటపెట్టాలో చెప్పే హక్కు చెప్పినవారిదే. ఆ మాటను వారి ఎదుటే రాసి, చదివి వినిపించి, సరేననిపించుకున్నాకే ముందుకు వెళ్లాలి.

భూమి కాగితాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఊళ్లోకి వెళ్లి పాత అడంగల్ (పొలాల సాగు లెక్క) ఉందా అని అడిగితే, చరిత్ర కోసమని ఎవరూ నమ్మరు. ఏదో వ్యాజ్యం వేయబోతున్నారనే అనుకుంటారు. ఆ అనుమానం ఊరికే రాలేదు. తమిళనాడులో 1980లో, ఆంధ్రలో 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయినప్పుడు చాలాచోట్ల లెక్కల పుస్తకాలు ఎవరి చేతుల్లోకి వెళ్లాయో తెలియదు, ఆ తర్వాత వచ్చిన తగాదాలు కొన్ని ఇప్పటికీ కోర్టుల్లో ఉన్నాయి. అందువల్ల చరిత్ర రాసేవారు బతికున్నవారి భూమి హక్కులకు సంబంధించిన కాగితాల జోలికి పోకపోవడం, ఏ తగాదాలోనూ సాక్ష్యానికి తమ నకళ్లు వాడనిచ్చేది లేదని మొదటే చెప్పడం మంచిది. వందేళ్లు దాటిన కాగితాలతోనే కావలసినంత పని ఉంది.

పురాణగాథల గురించి కూడా ఒక మాట. రాయలవారు వేటకు వచ్చి మా చెట్టు కింద నిద్రపోయారని చెప్పుకోని ఊరు మా వైపు అరుదు. నాగలాపురం వేదనారాయణస్వామి గుడిని కృష్ణదేవరాయలు కట్టించి, తన తల్లి నాగలాంబ పేర ఊరు నిలిపాడన్నది అందరూ ఎరిగిన చరిత్ర, ఆ చుట్టుపక్కల ఊళ్లు ఆ పేరును తమవైపు లాక్కోవడంలో ఆశ్చర్యం లేదు. అటువంటి కథను కొట్టిపారేయకూడదు, శాసనంతో సమానంగా నిలబెట్టనూ కూడదు. ఎవరు చెప్పారో, వారు ఎవరి దగ్గర విన్నారో పక్కనే రాసి ఉంచితే చదివేవారు తేల్చుకుంటారు. రెండు వీధులవారు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. ఏకాభిప్రాయం కోసం ఒకరి కథను మింగేయడం వల్ల పుస్తకం ఆ వీధిలో ఎవరూ ముట్టుకోనిదవుతుంది.

ఇలా పోగైనదాన్ని ఊరికి ఎలా ఇవ్వాలన్నది అసలు ప్రశ్న. కంప్యూటరులో దాచిన ఫైలు ఊరికి ఇచ్చినట్టు కాదని నా నమ్మకం. ముప్పై నలభై పుటల పుస్తకం, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, సరిహద్దు ఊళ్లకైతే ఒక పుట తెలుగు, ఎదురుపుట తమిళం. దాన్ని అచ్చు వేయడానికి ముందు గ్రామసభలో గానీ, జాతర ముందు జరిగే ఊరికూటంలో గానీ బిగ్గరగా చదవాలి. చదువురాని పెద్దలు అప్పుడే తప్పులు దిద్దుతారు. ఆపైన పంచాయతీ కార్యాలయంలో ఒకటి, బడిలో ఒకటి, దళితవాడ సామాజిక భవనంలో ఒకటి, మండల గ్రంథాలయంలో ఒకటి ఉంచాలి. పుస్తకం చివర పది పుటలు ఖాళీగా వదలాలి, చదివినవారు తమకు తెలిసినది చేత్తో రాయడానికి. ఫొటోల విషయానికి వస్తే, ప్రతి ఫొటో వెనుక ఎవరు, ఎక్కడ, సుమారుగా ఎప్పుడు అని పెన్సిలుతో రాయించుకోవాలి, ఆ పెళ్లి ఫొటోలో ఉన్నవారిని గుర్తుపట్టే చివరి మనిషి ఉండగానే. అసలు కాగితాలనూ తాటాకులనూ ఎవరివి వారికే తిరిగి ఇచ్చేయాలి. భద్రం కోసమని లామినేషన్ చేయించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ ఇక ఊడదు, లోపలి కాగితం కొన్నేళ్లకే పాడవుతుంది. తాటాకులకు నిమ్మగడ్డి నూనె పలచగా రాయడం మన పెద్దలు చేసిన పనే, ఇప్పటికీ భాండాగారాల్లో చేస్తున్నారు.

ఇందులో ఎవరు ఏం చేయగలరో ఆలోచిస్తే, చెన్నైలోని తెలుగు సంఘాల మీదికే నా దృష్టి పోతోంది. ఉగాదికి కవిసమ్మేళనం, అవధానం జరిపించడం వారు శ్రద్ధగా చేస్తున్నారు. దానితో పాటు నెలకొక ఆదివారం పాతరాత చదివే కూటం పెడితే, తాతగారి కాగితం పట్టుకొచ్చిన యువకుడికి గొలుసుకట్టు రాత చదివిపెట్టే పెద్దాయన అక్కడే దొరుకుతాడు. విశ్రాంత అధ్యాపకులు, రిజిస్ట్రారు కచేరీల్లో పనిచేసి రిటైరైన గుమాస్తాలు ఈ పనికి అందరికంటే తగినవారు. వారిలో చాలామందికి ఎనభై దగ్గరపడుతున్నాయి. ఇక రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరేది ఒక్కటే. 1960 ఏప్రిల్ 1న అటూ ఇటూ మారిన ఊళ్ల జాబితా ఎలాగూ చట్టంలోనే ఉంది. ఆ ఊళ్లకు సంబంధించిన అంతకుముందటి ఇనాం రిజిస్టర్లు, గ్రామపటాలు, భూమిశిస్తు నిర్ణయించిన సెటిల్మెంటు పుస్తకాలకు స్కాన్ ప్రతులు తీసి, తిరుపతి, తిరువళ్లూరు జిల్లాల కేంద్ర గ్రంథాలయాల్లో అందరికీ అందుబాటులో పెట్టాలి. 1961 జనాభా లెక్కల సందర్భంగా జిల్లాలవారీగా వెలువడిన జాతరలు, తిరునాళ్ల సంపుటాలను కూడా ఆ బీరువాలోనే చేర్చవచ్చు. కొత్త కట్టడం, కొత్త పదవి ఏదీ అవసరం లేదు.

మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. మీ చెన్నై సంచికలో వారానికొకసారి అరపుట ఒక ఊరికి కేటాయించండి. సరిహద్దుకు ఇటువైపు ఊరు ఒక వారం, అటువైపు ఊరు ఒక వారం. రాసినవారి పేరుతో పాటు చెప్పినవారి పేరు, వారు ఒప్పుకుంటే, వేయండి. ఆ వ్యాసం ఊళ్లో చదివి వినిపించిన తర్వాతే పంపాలని నియమం పెట్టండి, అచ్చయిన సంచికలు రెండు ఆ ఊరి పంచాయతీ చిరునామాకు పంపండి. మా ఊరి చెరువు, చలివేంద్రం మిట్ట, కట్ట మీది రాయి గురించి పోగుచేసినదాన్ని రానున్న గ్రామసభలో చదవడానికి సర్పంచి గారు ఒప్పుకున్నారు. అక్కడ దిద్దిన ప్రతిని, వారు వద్దన్నవి తీసేసి, మీకు పంపగలను.

భవదీయుడు,
సత్యవేడు ప్రాంతపు ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై.